రాతి మోత నుంచి గాలి కొలత దాకా: అంగారకుడి మీద మైకు విన్న చప్పుళ్లు

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నాపరాళ్లు అమ్మే చోట అనుభవమున్న బేల్దారి బండను చూడటంతో సరిపెట్టుకోడు, తట్టి వింటాడు. చిన్న సుత్తి అంచు మీద పడగానే ఖంగుమని మోగితే ఆ బండ లోపల ఏకముక్కగా ఉన్నట్టు; మోత పైకి రాకుండా డబ్బుమని అణిగిపోతే ఎక్కడో పొర విడిందనో, చీలిక పారిందనో లెక్క. రెండు బండలదీ ఒకే రంగు, ఒకే నునుపు కావచ్చు, కంటికి తేడా అందకపోవచ్చు. ఆ తేడాను పట్టేది చెవి. ఆ పక్కనే ఉన్న బెలుం గుహల్లో సప్తస్వరాల గుహ అని పిలిచే గదిలో సున్నపురాతి ఊడలను కర్రతోనో వేలి కణుపుతోనో తడితే లోహపు మోత వినిపిస్తుంది. రాయిని మోగించి దాని లోపలి సంగతి తెలుసుకోవడం రాయలసీమకు కొత్త విద్య కాదు. అదే విద్యను 2021 నుంచి అంగారకుడి మీద ఒక రోవర్ చేస్తోంది. అక్కడ సుత్తి స్థానంలో లేజర్, చెవి స్థానంలో మైకు ఉన్నాయి.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో అనే బిలంలో దిగింది. దానికి రెండు మైకులున్నాయి. ఒకటి రోవర్ పక్క భాగంలో బిగించిన మామూలు బజారు రకం మైకు. దిగుతున్నప్పటి చప్పుళ్లను రికార్డు చేయడం దాని పని. రెండోది రోవర్ మెడలాంటి స్తంభం పైన సూపర్‌క్యామ్ అనే పరికరంలో ఉంది. దాన్ని ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో తయారు చేశారు. మొదటి మైకు అసలు పని నెరవేరలేదు. దిగే సమయంలో వీడియో అందింది కానీ పనికొచ్చే ధ్వని రికార్డు కాలేదు. దిగిన తరువాత మాత్రం అది బాగానే పనిచేసి ఈదురుగాలినీ, చక్రాల రాపిడినీ వినిపించింది. శాస్త్రానికి ఎక్కువ ఉపయోగపడింది రెండోది.

సూపర్‌క్యామ్ ఏడు మీటర్ల దూరంలోపు రాళ్ల మీదికి లేజర్ కాంతిని సెకనులో అతి చిన్న భాగం పాటు వదులుతుంది. ఆ కాంతి పడిన చోట రాయి చిటికెడంత ఆవిరై మెరుస్తుంది. మెరుపు రంగులను బట్టి రాతిలో ఏ మూలకాలున్నాయో తెలుస్తుంది. ఆవిరి ఒక్కసారిగా వ్యాపించడంతో చుట్టూ ఉన్న గాలిలో అల పుట్టి, చిన్న ‘టక్’ అనే చప్పుడు మైకును చేరుతుంది. ఒకే చోట వరుసగా ముప్పై సార్లు కొడితే గుంట కొంచెం కొంచెంగా లోతవుతుంది, చప్పుడు తీరు కూడా దాంతోపాటే మారుతుంది. మెత్తని రాతిలో ఆ మార్పు త్వరగా, గట్టి రాతిలో నెమ్మదిగా వస్తుంది. రాతి మీద దుమ్ము పూతో వేరే ఖనిజపు పొరో ఉంటే మొదటి దెబ్బల మోతకూ తరువాతి దెబ్బల మోతకూ తేడా పడుతుంది. మెరుపు రాయి దేనితో తయారైందో చెబితే, చప్పుడు అది ఎంత గట్టిదో చెబుతుంది. నాపబండ అంచు మీద పడే సుత్తికీ ఈ లేజర్‌కూ ఉన్న పోలిక అలంకారం కోసం తెచ్చింది కాదు. రెండింటి వెనుకా ఉన్న తర్కం నిజంగా ఒక్కటే.

ఇంత ఉపయోగం ఉన్న పరికరం అక్కడికి చేరడానికి ఎందుకు అంత ఆలస్యమైందనే ప్రశ్నకు జవాబు కొంత బాధ కలిగిస్తుంది. అంగారకుడి మీదికి మైకు పంపాలని ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ 1996లోనే నాసాను కోరారు. ఆ కోరిక మేరకు మైకును మోసుకెళ్లిన మార్స్ పోలార్ ల్యాండర్ 1999 డిసెంబర్ 3న దిగుతూ కూలిపోయింది. 2008లో దిగిన ఫీనిక్స్ నౌకలోనూ మైకు ఉంది, కానీ దాన్ని ఆన్ చేస్తే దిగే సమయంలో మరో ముఖ్యమైన భాగానికి ఇబ్బంది రావచ్చనే భయంతో అసలు వాడలేదు. కెమెరా లేని నౌకను ఊహించలేని కాలంలో కూడా మైకు చివరి నిమిషంలో పక్కన పెట్టదగిన వస్తువుగానే ఉండిపోయింది. ధ్వనిని ప్రజల ముచ్చట తీర్చే సరదాగా చూసినంత కాలం బరువు, విద్యుత్తు, ఖర్చుల లెక్కల్లో అది నెగ్గలేకపోయింది. అంగారకుడి మీద అది కూడా ఒక కొలత పరికరమే అని తేలింది పర్సెవరెన్స్ తోనే.

ఆ కొలతల్లో అన్నిటికన్నా లోతైనది ధ్వని వేగం. లేజర్ ఎప్పుడు కాల్చిందో కచ్చితంగా తెలుసు, రాయి ఎంత దూరంలో ఉందో తెలుసు, చప్పుడు ఎప్పుడు చేరిందో మైకు చెబుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. మూడు మీటర్ల దూరంలోని రాతి నుంచి చప్పుడు రావడానికి అంగారకుడి మీద సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. సూపర్‌క్యామ్ మైకు సెకనుకు లక్ష సార్లు గాలి ఒత్తిడిని నమోదు చేయగలదు కాబట్టి అంత చిన్న వ్యవధిలోని చిన్న తేడాలు కూడా దొరుకుతాయి.

ధ్వని వేగం తెలిస్తే గాలి వేడిమి తెలుస్తుంది. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో చప్పుడు సెకనుకు సుమారు 357 మీటర్ల వేగంతో పోతుంది. డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో అదే చప్పుడు 340 మీటర్లకు తగ్గుతుంది. గాలి వేడెక్కే కొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది కాబట్టి వేగాన్ని కొలిస్తే థర్మామీటర్ అక్కర్లేకుండానే, రాతికీ మైకుకూ మధ్య ఉన్న గాలి మొత్తం సగటు వేడిమి తేలుతుంది. అంగారకుడి మీద నేలకు దగ్గరగా ఉన్న గాలి సెకన్ల వ్యవధిలోనే పలు డిగ్రీలు ఎగసి పడుతుంటుంది. ఎండకు కాగిన నేల మీది నుంచి వేడి గాలి ముద్దలు ముద్దలుగా లేస్తూ ఉండటమే దీనికి కారణం. సాధారణ ఉష్ణమాపకం ఇంత త్వరగా స్పందించలేదు. లేజర్ టకటకలు మాత్రం ఆ ఒడిదుడుకులను ఒక్కో దెబ్బకు ఒక్కో లెక్కగా అందిస్తాయి.

ఇక్కడే ఎవరికీ భూమి మీద అనుభవంలో లేని సంగతి ఒకటి బయటపడింది. 2022 ఏప్రిల్ 1న నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అంగారకుడి మీద ధ్వనికి రెండు వేగాలున్నాయి. సెకనుకు 240 కంపనాలకు లోపు ఉండే మంద్రపు చప్పుళ్లు సుమారు 240 మీటర్ల వేగంతోనూ, అంతకు పైస్థాయి చప్పుళ్లు సుమారు 250 మీటర్ల వేగంతోనూ ప్రయాణిస్తాయి. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ వింత మొత్తం ఒకే అణువు స్వభావం నుంచి పుట్టింది.

చప్పుడంటే గాలి ఒక చోట నొక్కుకుని, వెంటనే విచ్చుకుని, ఆ నొక్కును పక్క గాలికి అందించడం. నొక్కుకున్న చోట గాలి కొద్దిగా వేడెక్కుతుంది. ఆ వేడి అణువుల పరుగులోకి, వాటి తిరుగుడులోకి వెనువెంటనే చేరిపోతుంది. అంగారకుడి గాలిలో నూటికి 95 పాళ్లు ఉండే కార్బన్ డయాక్సైడ్ అణువుకు మాత్రం మరో కదలిక ఉంది. నడుమ కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్ ఉండే ఆ అణువు విల్లులా వంగి మళ్లీ నిటారు కాగలదు. కాస్త వేడి ఆ వంపులోకి కూడా దిగాలి. అయితే అలా దిగడానికి అణువులు ఒకదానితో ఒకటి చాలాసార్లు ఢీకొనాలి. అంగారకుడి గాలి ఒత్తిడి భూమి మీది ఒత్తిడిలో నూరో వంతు కూడా లేదు. గుంపు పలచబడిన సంతలో ఒకరికొకరు తగలడానికి సమయం పట్టినట్టే, అక్కడి అణువులు ఢీకొనడానికీ సమయం పడుతుంది. మంద్రపు చప్పుడులో ఒక నొక్కుకూ మరో నొక్కుకూ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి వేడిలో కొంత వంపులోకి దిగిపోతుంది, నొక్కుడుకు గాలి మెత్తగా లొంగుతుంది, అల నెమ్మదిస్తుంది. సన్నని చప్పుడులో ఆ వ్యవధి దొరకదు. వేడి వంపులోకి దిగేలోపే నొక్కు దాటిపోతుంది, గాలి బిగువుగా ఎదురు నిలుస్తుంది, అల త్వరగా సాగుతుంది. భూమి మీద గాలి చిక్కగా ఉండటమే కాక అందులో నైట్రోజన్, ఆక్సిజన్‌లదే ప్రధాన భాగం. అందువల్ల మన చెవికి అందే స్థాయిలన్నీ దాదాపు ఒకే వేగంతో వస్తాయి. మన సంగీతం, మన మాట, మన తాళం అన్నీ ఈ ఒక్క సౌకర్యం మీద నిలబడి ఉన్నాయి.

ఆ సౌకర్యం లేకపోతే ఎలా ఉంటుందో అనంతపురం జిల్లా ఉరుముల వాయిద్యాన్నీ, చెక్కభజననూ పక్కపక్కన పెట్టి లెక్క వేయవచ్చు. ఉరుము గొంతు మంద్రం, పేరుకు తగ్గట్టు మేఘగర్జనకు దగ్గర. చెక్కల గొంతు సన్నం. రెంటినీ ఒకే క్షణంలో వాయించారనుకుంటే, అంగారకుడి మీద 100 మీటర్ల దూరాన నిలబడిన వారికి చెక్కల చప్పుడు 0.400 సెకన్లలో, ఉరుము చప్పుడు 0.417 సెకన్లలో చేరాలి. దూరం పది రెట్లు పెరిగితే ఎడం కూడా పది రెట్లయి, సెకనులో ఆరో వంతు అవుతుంది. తాళం తప్పిందని ఎవరికైనా తెలిసిపోయేంత ఎడం అది. వాస్తవంలో అంత దూరం చెక్కల చప్పుడు రానే రాదు. వేల హెర్ట్జ్‌ల (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం) స్థాయిలో ఉండే సన్నని ధ్వనులను కార్బన్ డయాక్సైడ్ కొద్ది దూరంలోనే మింగేస్తుంది. ఉరుము మాత్రం వట్టి కంపనంగా, బలహీనంగా మిగులుతుంది.

బలహీనత గురించి కూడా చెప్పాలి. ఒకే వస్తువు ఒకే తీరుగా కదిలినా పలుచని గాలిని అది అంత బలంగా తోయలేదు, అందుచేత అక్కడ చప్పుడు భూమి మీదికన్నా సుమారు 20 డెసిబెల్స్ తక్కువగా పుడుతుంది. గాలి వీచని వేళల్లో అంగారకుడు ఎంత నిశ్శబ్దంగా ఉంటాడంటే, మైకు పాడైందేమోనని శాస్త్రవేత్తలు ఒక దశలో సందేహించారు. అక్కడి నిశ్శబ్దానికీ కాలాలున్నాయి. చలికాలంలో ధ్రువాల దగ్గర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి నేలకు దిగిపోతుంది. గ్రహం మొత్తం మీద గాలి ఒత్తిడి పడిపోతుంది. చప్పుడు మోసే సరుకే తగ్గుతుంది.

అయినా 2021 ఏప్రిల్ 30న ఆశ్చర్యం ఒకటి జరిగింది. ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ నాలుగోసారి ఎగిరినప్పుడు, 80 మీటర్ల దూరంలో ఉన్న రోవర్ మైకు దాని రెక్కల హోరును పట్టింది. అంత దూరం నుంచి వినిపిస్తుందని పరిశోధకులు పెద్దగా ఆశ పెట్టుకోలేదు. రికార్డులో 84 హెర్ట్జ్‌ల దగ్గర సన్నని గీతలా ఒక స్వరం నిలిచింది. అదే స్థాయి ఎందుకో తెలుసుకోవడానికి రామగిరి కొండల మీది గాలిమరల దగ్గర నిలబడితే చాలు. మూడు రెక్కల గాలిమర నిమిషానికి 20 చుట్లు తిరిగితే 60 రెక్కలు దాటుతాయి, అంటే సెకనుకు ఒక ‘హుష్’ చప్పుడు. ఇంజెన్యుటీ రెక్కలు నిమిషానికి 2,537 చుట్లు తిరిగాయి, ఒక్కో చక్రానికి రెండు రెక్కలు. నిమిషానికి 5,074 రెక్కలు దాటితే సెకనుకు 84 పైచిలుకు. గాలిమర విషయంలో చెవి విడివిడిగా లెక్కపెట్టగలిగే హుష్‌లే, అంత వేగంగా పడేసరికి కలిసిపోయి ఒక స్వరం అయ్యాయి. హెలికాప్టర్ దూరంగా పోతూ, దగ్గరికి వస్తూ ఉన్నప్పుడు ఆ స్వరం కాస్త దిగి, కాస్త ఎగసింది. రైలు కూత మనల్ని దాటేటప్పుడు మారినట్టే అక్కడా మారింది.

వేసవిలో బీడు పడిన వేరుశనగ చేలల్లో మధ్యాహ్నం పూట ఎర్రదుమ్ము లేచి తిరిగే సుడిగాలి సీమలో పుట్టిన పిల్లలకు కొత్త కాదు. అది మీదికి వచ్చినప్పుడు ముందు హోరు, ముఖం మీద ఇసుక చురుకులు, దాటిపోయాక దుమ్ము వాసన. 2021 సెప్టెంబర్ 27న అలాంటిదే ఒకటి నేరుగా రోవర్ మీది నుంచి పోయింది. దాని అడ్డకొలత సుమారు 25 మీటర్లు, ఎత్తు 118 మీటర్లకు తక్కువ కాదు. సూపర్‌క్యామ్ మైకు నిరంతరం వింటూ ఉండదు; నెలలో కొన్ని సార్లు, విడతకు మూడు నిమిషాల లోపు మాత్రమే రికార్డు చేస్తుంది. సుడిగాలి వచ్చిన సమయానికి అది ఆన్‌లో ఉండటం గొప్ప అదృష్టం. రికార్డులో మొదట హోరు లేచి, నడుమ ఒక్కసారిగా నెమ్మదించి, మళ్లీ లేచింది. నడుమ వచ్చిన ఆ నెమ్మది సుడిగాలి కన్ను. ఆ హోరులోనే చిటపటమని 300కు పైగా రేణువులు తగిలిన చప్పుళ్లను విడివిడిగా లెక్కించారు. సుడిగాలి ఎంత దుమ్మును మోస్తోందో రేణువుల లెక్కతో నేరుగా తేల్చడం వేరే గ్రహం మీద అదే మొదటిసారి. గాలి అంత పలుచనైనా దుమ్మును ఎలా లేపుతోందన్నది అంగారకుడి వాతావరణంలో పాత చిక్కుముడి. ఏ కెమెరా ఇవ్వలేని ఆధారాన్ని ఆ చిటపటలు ఇచ్చాయి.

ఆ రికార్డులో ఒక చప్పుడు మాత్రం మిగతావాటితో కలవలేదు. పెద్ద రేణువు ఏదో తగిలిందని మొదట అనుకున్నారు. తరువాత దాన్ని తిరిగి పరిశీలిస్తే, ముందు మైకు తీగల్లో విద్యుత్తు జోక్యం, వెంటనే చిన్న పేలుడు చప్పుడు కనిపించాయి. రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని విద్యుదావేశం పెంచుకుని, సెంటీమీటర్ల పొడవైన చిరు మెరుపులుగా దాన్ని వదిలేస్తున్నాయని అర్థమైంది. రెండు అంగారక సంవత్సరాల్లో పోగుపడిన 28 గంటల రికార్డులను గాలించి ఇలాంటి 55 ఘటనలను గుర్తించినట్టు 2025 నవంబర్‌లో నేచర్‌లో ప్రచురించారు. పలకని రాయిని తట్టడానికి పంపిన పరికరం ఆ గ్రహపు మెరుపు చప్పుడును పట్టుకోవడం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం. దాని ప్రభావం కూడా చిన్నది కాదు. అలాంటి మెరుపులు నేల మీది రసాయనాలను మార్చగలవు. ముందు ముందు అక్కడికి పంపే పరికరాలకూ, మనుషుల దుస్తులకూ వాటిని దృష్టిలో పెట్టుకోవాలి.

చప్పుడు విన్న మొదటి గ్రహం మాత్రం అంగారకుడు కాదు. 1982 మార్చిలో సోవియట్ నౌకలు వెనెరా 13, వెనెరా 14 శుక్రగ్రహం మీద దిగి, సీసం కరిగే వేడిలో, భూమికి దాదాపు తొంభై రెట్ల గాలి ఒత్తిడిలో మైకులతో విన్నాయి. వెనెరా 13 అక్కడ 127 నిమిషాలు బతికింది. ఆ చప్పుళ్ల నుంచి నేల మీది గాలి వేగాన్ని లెక్క కట్టగా సెకనుకు అర మీటరుకు మించలేదు. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక శనిగ్రహపు చంద్రుడు టైటాన్ మీదికి దిగుతూ అక్కడి గాలి హోరును నమోదు చేసింది. అయితే అందులో పూర్తి ధ్వని భూమికి రాలేదు. దాని స్థాయిల వివరాలు మాత్రమే వచ్చాయి. మనం వినేది ఆ వివరాల నుంచి తిరిగి కట్టిన ధ్వని.

ఈ తేడాను ఎత్తి చూపడం అవసరం, ఎందుకంటే ‘గ్రహాల శబ్దాలు’ అనే పేరుతో ఫోన్లలో తిరిగేవాటిలో చాలావరకు మైకు విన్నవి కావు. 2018 డిసెంబర్‌లో వినిపించిన ఇన్‌సైట్ నౌక రికార్డు ఒత్తిడి మాపకమూ, భూకంప మాపకమూ పట్టిన గాలి కంపనాలు. మన చెవికి అందేలా వాటి స్థాయిని పెంచారు. 2021 జూన్‌లో జూనో నౌక గురుగ్రహపు చంద్రుడు గానిమీడ్ పక్క నుంచి పోతూ ఇచ్చిన ‘శబ్దం’ విద్యుదయస్కాంత తరంగాలను ధ్వనిగా మార్చినది. అక్కడ మోగింది ఏదీ లేదు. సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడని నాసా రికార్డు చేసిందంటూ వచ్చే సందేశాన్ని ఎందరో భక్తితో నమ్మి పంపుకుంటారు. ఆ నమ్మకాన్ని నొప్పించాల్సిన పని లేదు, కానీ నిజమైన విషయం అంతకన్నా అందమైనది. సూర్యుడి ఉపరితలం సుమారు ఐదు నిమిషాలకు ఒకసారి ఉబ్బి తగ్గుతుంటుంది. సోహో అనే నౌక 40 రోజులు నమోదు చేసిన ఆ కదలికలను 42,000 రెట్లు వేగం పెంచితే సెకనుకు 140 కంపనాల దగ్గర గంభీరమైన హుంకారం వస్తుంది. అది సూర్యుడి లోపలి పొరల సమాచారం మోసుకొచ్చే కదలిక. అలా మార్చామని చెప్పి వినిపిస్తే తప్పు లేదు. మైకు పెట్టి విన్నట్టు చెబితే వినేవారిని మోసగించినట్టే.

చంద్రుడి మీద గాలే లేదు కాబట్టి అక్కడ మైకు పనికిరాదు. కానీ నేల ఉంది. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్‌లోని ఇల్సా అనే పరికరం, ప్రజ్ఞాన్ రోవర్ నడిచినప్పుడు నేలలో పుట్టిన కంపనాలను ఆగస్టు 25న నమోదు చేసింది. మరుసటి రోజు సహజమైనదిగా కనిపించిన మరో కంపనాన్ని కూడా పట్టిందని ఇస్రో ప్రకటించింది. రైలు వస్తోందో లేదో పట్టాకు చెవి ఆనించి చూసే పని లాంటిది ఇది.

అంగారకుడి రికార్డులను నాసా ఉచితంగా వినడానికి పెట్టింది. వాటిని తొలిసారి వినేవారిలో చాలామంది ఏమీ లేదని ఆపేస్తారు. అది రికార్డులో లోపం కాదు. ఫోన్‌లోని చిన్న స్పీకరు 84 హెర్ట్జ్‌ల మంద్రాన్ని పలికించలేదు, గది ఫ్యాను చప్పుడు మిగిలినదాన్ని కప్పేస్తుంది. రాత్రి ఊరు సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, చెవి నిండా పట్టే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని హెలికాప్టర్ రికార్డును వింటే, గాలి హోరు అడుగున దూరపు బోరు మోటారులా సన్నగా నిలిచిన ఆ స్వరం కొన్ని క్షణాల్లోనే చెవికి దొరుకుతుంది.